స్కార్‌బరో మంత్రిగారి రాజీనామాలు

కెనడా వెళ్లొచ్చినప్పటి నుంచి మా రేపల్లెలో అందరూ నన్ను రెండే అడుగుతున్నారు. జలపాతం చూశావా, మంచు చూశావా అని. జలపాతం చూడలేదు. మంచు నేను వెళ్లేసరికి కరిగిపోయింది. నేను చూసింది ఒక మంత్రిని. బంగ్లాదేశ్ మాజీ మంత్రిని. ఆ 'మాజీ' అన్న మాట ఆయన వినేలా అనకూడదని దిగిన రోజే తెలిసింది.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మా అక్క కూతురు శ్రావణి టొరంటో తూర్పు వైపున ఉన్న స్కార్‌బరోలో కాలేజీ చదువుతోంది. చూసొద్దామని అక్కా బావా వీసాకి అప్లై చేశారు, ఇద్దరికీ రాలేదు. వాళ్లకి తోడుగా ఉంటుందని నేనూ ఒక అప్లికేషన్ పడేస్తే నాకు వచ్చింది. తొమ్మిదో తరగతితో బడి మానేసి బ్యాటరీల షాపు నడుపుకునే మనిషిలో ఆ దేశానికి ఏం నచ్చిందో ఇప్పటికీ తెలియదు. సరిగ్గా ప్రయాణానికి వారం ముందు శ్రావణి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇంటి ఓనరు నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడట. మన పిల్లలు విమానాల నిండా అక్కడికి పోతున్న రోజులవి. కాలేజీలో సీటు దొరికేది కానీ పడుకోవడానికి గది దొరికేది కాదు. దానికింకా ఒక టర్మ్ చదువు మిగిలి ఉంది.

"నువ్వెళ్లి ఆ ముసలాయనతో మాట్లాడరా. లైబ్రరీలో గంటలు గంటలు మాట్లాడతావుగా, అదేదో అక్కడ మాట్లాడు" అంది అక్క.

అక్క అన్నది నిజమే. బడి ఇవ్వనిది నాకు శాఖా గ్రంథాలయం ఇచ్చింది. అక్కడ బెంగాలీ నవలల అనువాదాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. అన్నీ చదివాను, కొన్ని రెండోసారి కూడా. ఓనరు బెంగాలీ మాట్లాడే మనిషని తెలియగానే నాకు ధైర్యం వచ్చింది. బెంగాలీలు నాకు కొత్తవాళ్లు కాదు. శాలువా కప్పుకుంటారు, దగ్గుతారు, మాట పడరు, మనసులో ఉన్నది చివరి అధ్యాయం దాకా బయటికి చెప్పరు.

విమానాశ్రయం నుంచి బేస్‌మెంట్ దాకా

విమానంలో నా చుట్టూ అందరూ కాలేజీ పిల్లలే. పక్క సీటు కుర్రాడు "అంకుల్, మీది ఏ కోర్సు?" అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. దిగాక సామాన్ల బెల్టు మీద ప్రెషర్ కుక్కర్ల పెట్టెలు వరసగా వచ్చాయి. వాటి మధ్య ఒక కొబ్బరి చీపురు కూడా వచ్చింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు. మేము బయటికి వచ్చేటప్పటికీ అది అలా తిరుగుతూనే ఉంది.

అక్కడ సిటీ బస్సు దిగేవాళ్లు డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు. మా రేపల్లె బస్సులో కండక్టరుకి థాంక్స్ చెబితే, చిల్లర ఇవ్వనందుకు ఎత్తిపొడుస్తున్నామనుకుంటాడు. నేను దిగేటప్పుడు డ్రైవరుకి నమస్కారం కూడా పెట్టాను. ఆయన ఏదో మరిచిపోయాననుకుని తలుపు మళ్లీ తెరిచాడు.

శ్రావణి ఉండేది ఒక ఇంటి బేస్‌మెంటులో. అంటే నేల కింద వాటా. దానితో పాటు రమ్య అని సిద్దిపేట అమ్మాయి ఉంటుంది. ఇంకో ఇద్దరు కూడా ఉంటారు కానీ వాళ్లెప్పుడూ డ్యూటీలోనే. వాళ్ల పరుపుల్ని చూశాను కానీ వాళ్లని చూడలేదు. నాకు వాషింగ్ మెషీన్ పక్కన చోటిచ్చారు.

"అసలు ఆయన్ని మీరేం చేశారే?" అన్నాను.

"అంకుల్ అన్నా మామయ్యా. అంతే" అంది శ్రావణి.

"అంతేనా?"

"పైన గెస్టులు ఉన్నారు, బెంగాలీ అసోసియేషన్ వాళ్లు. నేను మెట్ల మీంచి తల పెట్టి, 'అంకుల్, గ్రీన్ బిన్ బయట పెట్టడం ఇవాళ మీ టర్న్' అన్నా."

గ్రీన్ బిన్ అంటే వంటింటి చెత్త వేసే ఆకుపచ్చ డబ్బా. వాకిట్లో పెడితే మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోతుంది.

"గట్లంటరా ఎవరన్న?" అంది రమ్య నవ్వకుండా. "ఆయన మినిస్టరు. డబ్బ తీస్కపోను సెక్రటరీ రావాలె."

"మరి ఏమని పిలవాలట?"

"హానరబుల్ మినిస్టర్ అనాలంట. నాకు నోరు తిరగట్లా మామయ్యా."

"ఇప్పుడు మాజీయే కదా?"

"ష్!" ఇద్దరూ ఒకేసారి పైకప్పు వైపు చూశారు.

ఆ సాయంత్రం నేను సందు చివర దుకాణంలో ఎండు మెత్తళ్లు కొని తెచ్చి వేయించాను. మూకుడు వేడెక్కేసరికి గోడ మీద పొగ గంట మొదలైంది. శ్రావణి తువ్వాలుతో దానికి విసురుతుంటే, మెట్ల మీద ఒక పెద్దాయన ప్రత్యక్షమయ్యారు. కింద లుంగీ, పైన కోటు, కోటు జేబులో పెన్ను. శాలువా లేదు, దగ్గూ లేదు.

"దీనికి బాధ్యులెవరు?" అన్నారు ఇంగ్లిషులో.

నేనే అన్నాను. ఆయన ముక్కు ఎగపీల్చారు.

"శుట్‌కి?"

"ఎండు మెత్తళ్లండీ."

ఆయన ఆఖరి మెట్టు మీద కూర్చుని ఒక ప్లేటు తిన్నారు. ఇంకో ప్లేటు అడిగి అదీ తిన్నారు. చెయ్యి కడుక్కుని, "ఇది తిన్నంత మాత్రాన నోటీసు రద్దు కాదు" అని పైకి వెళ్లిపోయారు.

పై అంతస్తులో ముఖాముఖి

మర్నాడు పైకి రమ్మని కబురొచ్చింది. తెచ్చింది ఆయన భార్య, బేగం గారు. ముందు గదిలో పెద్ద బల్ల, దాని మీద జెండా లేని చిన్న జెండా కర్ర, వెనక మంత్రిగారు. ఆయనది ఇంగ్లిషు, నాది హిందీ. రెండూ ఆగిపోయిన చోట సంస్కృతం. బెంగాలీకీ తెలుగుకీ సంస్కృతం మాటలు ఉమ్మడి ఆస్తి అని నేను చదివాను. చివరి 'అం' కత్తిరించి మాట్లాడితే ఆయనకి ఇట్టే అర్థమైపోయేది.

"మీరేం చేస్తుంటారు?" అన్నారు.

బ్యాటరీల షాపంటే పని జరగదనిపించింది. "మా ఊళ్లో ఉపన్యాస్‌లు చేస్తానండీ" అన్నాను.

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "ఉపన్యాస్! ఎన్ని?"

"నలభై దాకా అయి ఉంటాయి."

"నలభై! ఒక్కోదానికి ఎంతకాలం పడుతుంది?"

"గంటన్నర. జనం కదలకుండా కూర్చుంటే రెండు గంటలు."

"జనం ముందే చేస్తారా?"

"జనం లేకుండా ఎలా చేస్తామండీ?"

"మరి కాగితం?"

"కాగితం పట్టుకుంటే అది ఉపన్యాసమే కాదు. నిలబడి అందుకోవడమే."

మంత్రిగారు లేచి నిలబడి, "అతిథుల కప్పులు తీయండి!" అని లోపలికి కేకేశారు. తరవాత నా వైపు తిరిగి, "మా దగ్గర ఒక్క ఉపన్యాస్ కోసం మనుషులు ఏళ్ల తరబడి కుమిలిపోతారు" అన్నారు. పాపం, సభ అంటే భయం కాబోలు అనుకున్నాను.

ఆదివారం కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో వాళ్ల అసోసియేషన్ ఆయనకి సన్మానం చేస్తోందట. "లేఖక్ సాహెబ్, నా జీవితం మీద ఒక ఉపన్యాస్ చేయగలరా? ఆదివారానికి?" అని అడిగారు. లేఖకుడంటే మనకి చెప్పింది రాసే గుమస్తా. బ్యాటరీల షాపువాడికి అదేమీ తక్కువ హోదా కాదని సర్దుకున్నాను.

"ఆదివారం దాకా దేనికండీ, ఇప్పుడైనా సరే. కాకపోతే కింది వాటా పిల్లల సంగతి..."

"బాగా వస్తే, నోటీసు పునఃపరిశీలిస్తాం" అన్నారు, బల్ల వెనక ఇంకెంతమందో ఉన్నట్టు.

ఆ రోజూ మర్నాడూ ఆయన జీవితం విన్నాను. నదుల జిల్లాలో పుట్టారు. తండ్రి లాంచీల మీద టిక్కెట్లు కోసేవాడు. ఈయన లా చదివి జిల్లా కోర్టులో చేరారు.

"నేను ఓడిన కేసు లేదు" అన్నారు. "గెలిచిన కేసూ లేదు."

"మరి?"

"రాజీనామా."

మన మాట ఆయన నోట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. రాజీనామాని హిందీలో ఇస్తీఫా అంటారని చదివాను. బెంగాలీవాళ్లు మనలాగే అంటారన్నమాట.

"మొదటి కేసు ఇద్దరు అన్నదమ్ములది. గట్టు మీద ఒక పోకచెట్టు. నెలల తరబడి వాదించాను. చివరికి రాజీనామా."

"మొదటి కేసుకేనా!"

"రెండోది అత్తాకోడళ్లది. ఒక పడవ గురించి. అదీ రాజీనామాయే. ఆ తరవాత కొన్ని వారాలైతే రోజుకొకటి."

"మళ్లీ కోర్టులోకి ఎలా రానిచ్చేవారండీ?"

"రానివ్వడమేమిటి? జడ్జిగారు నా కోసం ఎదురుచూసేవారు."

పదవిని పట్టుకుని వేలాడేవాళ్ల గురించే ఇన్నాళ్లూ పేపర్లో చదివాను. కేసుకొక రాజీనామా చేసినవాణ్ణి ఎన్నడూ వినలేదు. ఆ పేరు విని ప్రభుత్వం పిలిచి లాంచీల శాఖ అప్పగించిందట. వెళ్లేసరికి రేవులో రెండు లాంచీ సంఘాలు కొట్టుకుంటున్నాయి.

"వెళ్లిన రోజే, సాయంత్రంలోగా రాజీనామా!"

"పైవాళ్లు ఏమన్నారు?"

"భుజం తట్టారు. ఇలాంటివి ఇంకా చేయమన్నారు."

నాకు కళ్లు చెమర్చాయి. ఇంత త్యాగి, ఆడపిల్లల్ని గదిలోంచి ఎందుకు పంపేస్తున్నాడో మాత్రం అర్థం కాలేదు.

చేపల దుకాణంలో పులస

శనివారం బేగం గారు నన్ను చేపల దుకాణానికి తీసుకెళ్లారు. సంచులు మోయడానికి మనిషి కావాలని నిజమే చెప్పారు. ఆ దుకాణంలో గడ్డకట్టిన చేపల్ని రంపం మిషను మీద కోస్తారు, మన అడితీలో దుంగల్ని కోసినట్టు. అక్కడ ఇలిష్ చేపని చూసి నేను నిలబడిపోయాను. మన పులసే! గోదావరికి ఎదురీది వచ్చే పులస, సముద్రాలు దాటి స్కార్‌బరోలో మంచు పెట్టెలో పడుకుని ఉంది. ధరని రూపాయల్లోకి మార్చాను. మార్చొద్దని శ్రావణి ముందే చెప్పింది.

"ఉకీల్ సాహెబ్‌కి ఇది లేకపోతే ఆదివారం కాదు" అన్నారు బేగం గారు. ఉకీలంటే మన వకీలే.

"అందరూ మంత్రి సాహెబ్ అంటారు కదమ్మా, మీరొక్కరే..."

"నేను పెళ్లి చేసుకుంది ఉకీల్‌ని. మంత్రి మధ్యలో వచ్చాడు. వచ్చినవాడు పోవట్లేదు."

సంగతేమిటంటే, ఆయన పదవిలో ఉండగానే కూతుర్ని చూడటానికి కెనడా విమానం ఎక్కారు. ఆయన గాల్లో ఉండగా వాళ్ల దేశంలో మంత్రుల్ని మార్చేశారు. దిగేసరికి ఆయన పేరు లేదు. కానీ ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తీసేసినట్టు కాదని ఆయన వాదన.

"ఆయన పదత్యాగ్ చేయలేదు. ఒక్కసారి చేసేస్తే ఇంట్లో మనిషిలా ఉంటాడు. చేద్దామన్నా ఎవరికివ్వాలి? ఆ శాఖే ఇప్పుడు ఇంకో శాఖలో కలిసిపోయింది" అని ఆవిడ పులస తల పక్కన పెట్టించుకున్నారు.

పదత్యాగం అనగానే నాకు దీపం వెలిగింది. ఇన్ని రాజీనామాలు చేసిన మనిషి చేయని రాజీనామా ఒకటుంది. ఉపన్యాసానికి ముగింపు దొరికేసింది.

హైవే మీద కాఫీ

ఆదివారం కేంబ్రిడ్జ్‌కి వాన్‌లో బయల్దేరాం. డ్రైవ్ చేసింది రమ్య. మంత్రిగారు ప్రోటోకాల్ ప్రకారం వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చున్నారు. సన్మానానికి వస్తే మెత్తబడతారేమోనని శ్రావణిని కూడా నేనే ఎక్కించాను. ఆయనా అదీ దారి పొడవునా చెరో కిటికీలోంచి చూశారు.

మధ్యలో కాఫీకి ఆగాం. కౌంటర్ దగ్గర అమ్మాయి నన్ను చూసి, "అంకుల్, తెలుగేనా? మాది నరసరావుపేట" అంది. లోపల కాఫీ కలిపేవాడిది ఒంగోలు. అతనూ "నమస్తే అంకుల్" అని కేకేశాడు. తరవాత ఆ అమ్మాయి మంత్రిగారి వైపు తిరిగి, "అంకుల్, మీకు షుగర్ వేయాలా?" అంది. తుడుపు కర్ర పట్టుకున్న అబ్బాయి, "అంకుల్, జాగ్రత్త, తడిగా ఉంది" అన్నాడు. తలుపు పట్టుకున్న ఒక సర్దార్జీ పిల్లవాడు, "ప్లీజ్ అంకుల్" అన్నాడు. రెండు డాలర్ల కాఫీ చేతికి వచ్చేలోగా ఆయన ఇన్నిసార్లు పదవి పోగొట్టుకున్నారు.

"ఇక ఈ షాపుకి గూడ నోటీసు ఇస్తడు సూడు" అంది రమ్య నా చెవిలో.

ఆయన వాన్‌లో కూర్చుని చాలాసేపు కాఫీ తాగలేదు. "ఈ దేశంలో మనిషిని చూసి పిలవరు. జుట్టు చూసి పిలుస్తారు" అన్నారు. ఆ మాట నెమ్మదిగా అన్నారు. నాకు జాలేసింది.

కేంబ్రిడ్జ్‌లో సన్మానం

కేంబ్రిడ్జ్ అంటే పెద్ద విశ్వవిద్యాలయం ఉంటుందనుకున్నాను. అది ఇంగ్లండులో. ఇక్కడున్నవి ఫ్యాక్టరీలు, గోదాములు. సభ జరిగే హాలు ఒక టైర్ల గోదాము పక్కన ఉంది. పొద్దున అక్కడ ఎవరి పిల్లవాడిదో పుట్టినరోజు జరిగిందట. వేదిక వెనక 'ఐదో జన్మదిన శుభాకాంక్షలు' అని ఇంగ్లిషు తోరణం అందనంత ఎత్తున ఉండిపోయింది. దాని కింద మంత్రిగారిని కూర్చోబెట్టి దండ వేశారు.

కార్యదర్శి నన్ను ఇంగ్లిషులో పరిచయం చేశాడు. "దక్షిణ భారత దేశపు మహా నవలాకారుడు! నలభై నవలల రచయిత! ఒక్కో నవలనీ ప్రజల ముందు నిలబడి, గంటన్నరలో, కాగితం ముట్టకుండా పూర్తి చేసిన ఏకైక వ్యక్తి!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"మామయ్యా, నువ్వు నవలలెప్పుడు రాశావ్?" అంది శ్రావణి.

అప్పుడు అర్థమైంది, బెంగాలీలో ఉపన్యాస్ అంటే నవల అని. బీరువా నిండా ఉన్న నవలలు చదివాను. కానీ అన్నీ తెలుగులో చదివాను. ఆ బీరువాలో ఈ ఒక్క మాటా లేదు. వెనక్కి పోవడానికి లేదు. నోటీసు గడువు నెలాఖరు. ముందు వరసలో బేగం గారు, ఆవిడ పక్కన శ్రావణి వేళ్లు విరుచుకుంటూ.

మైకు పట్టుకుని, సంస్కృతం కలిపిన నా హిందీలో, నాకు తెలిసిందే చేశాను. నదుల జిల్లాతో మొదలుపెట్టాను. పోకచెట్టు దగ్గర గొంతు పెంచాను. "మొదటి కేసులో ఏం చేశారు? రాజీనామా! రెండో కేసులో? రాజీనామా! మంత్రి అయిన రోజున? రాజీనామా!" అన్నప్పుడల్లా హాలు దద్దరిల్లింది. ఇంతమంది ఇన్ని రాజీనామాలు మెచ్చుకోవడం చూసి ఎంత ఉన్నతమైన జాతి అనుకున్నాను. అప్పుడు ఆయన వైపు తిరిగాను.

"కానీ అయ్యా, మీరు ఒక్కటి మిగిల్చారు. అది మీ ఇంట్లోనే ఉండిపోయింది. దానివల్ల బేగం గారికి మనశ్శాంతి లేదు. మీ మేడ కింద పిల్లలకి నిద్ర లేదు. ఇన్ని చేసినవారు, ఆ ఒక్క రాజీనామా కూడా చేసేయండి!"

మంత్రిగారు నన్ను చూడలేదు. శ్రావణిని చూశారు. మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టారు. లేచి, కోటు సర్దుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

"పార్టీలు ముందుకి రావాలి" అన్నారు. అది నేను విన్న గొంతు కాదు. కోర్టు గొంతు.

శ్రావణి లేచి వేదిక దగ్గరికి వచ్చింది.

"ఒకటో పక్షం, ఇంటి యజమాని. రెండో పక్షం, కింది వాటా విద్యార్థినులు. ఉభయ పక్షాలూ ఇష్టపూర్వకంగా ఈ రాజీనామాకి..."

అప్పుడు నాకు రెండోసారి నేల కదిలింది. వాళ్ల రాజీనామా అంటే మన రాజీ పత్రం! ఆయన జీవితమంతా చేసింది కొట్టుకునేవాళ్లని కలపడం. నేనేమో వందల పదవులు వదిలేయించాను. మాట ఒకటే. రాజీ అంటే ఒప్పుకోవడం, నామా అంటే కాగితం. వాళ్లు ఆ కాగితాన్ని కలవడానికి రాసుకుంటారు, మనం వెళ్లిపోవడానికి రాసుకుంటాం.

"రెండో పక్షం అభ్యంతరం?" అన్నారు ఆయన.

"అంకుల్ అనకుండా ఉండటం నాకు రాదండీ. బస్ డ్రైవర్నీ అంకులే అంటా. మర్యాదకే అంటా, నిజంగా" అంది శ్రావణి.

"ఒకటో పక్షం హోదా వదులుకోదు."

"హానరబుల్ అంటే నోరు తిరగట్లేదండీ."

ముందు వరస నుంచి బేగం గారు లేవకుండానే అన్నారు. "ఉకీల్ అనడానికి నోరు తిరుగుతుందా అమ్మా?"

"ఉకీల్..." అంది శ్రావణి. అలవాటుగా తోక కూడా తగిలింది. "ఉకీల్ అంకుల్."

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. రెండుసార్లు పెదవుల మీద ఆ మాట అనుకున్నారు. "ఉభయ పక్షాలూ సమానంగా నష్టపోయాయి. మంచి రాజీనామా" అన్నారు. చదువు పూర్తయ్యేదాకా వాటా పిల్లలదే. గ్రీన్ బిన్ వారం విడిచి వారం. హాలంతా ఈలలు. ఇది నవల ఎలా అయిందని ఒకాయన అడిగితే, ఇది మొదటి అధ్యాయమేనని కార్యదర్శి సర్దిచెప్పాడు.

తిరుగుదారి

తిరిగొచ్చేటప్పుడు ఆయన ముందు సీట్లో, రమ్య పక్కన కూర్చున్నారు. ఆ పిల్లకెప్పుడో పడిన స్పీడింగ్ టికెట్ సంగతి అడిగి తెలుసుకున్నారు.

"ఆ కేసు నాకివ్వు. రాజీనామా చేయిద్దాం" అన్నారు.

"పోలీసోళ్లతోనా ఉకీల్ అంకుల్? గది అయితదా?"

"పోకచెట్టుతో అయింది" అన్నారు ఆయన.

నేను ఉండబట్టలేక నా తప్పులు రెండూ చెప్పేశాను. నేను చేసినవి నవలలు కావనీ, మా భాషలో రాజీనామా అంటే పదత్యాగమనీ. బేగం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అయితే ఈ రోజు నేను చేసింది ఏది? మాదా, మీదా?" అన్నారు ఆయన వెనక్కి తిరక్కుండా.



మర్నాడు చెత్తబండి రోజు. శ్రావణి మెట్ల మీంచి తల పెట్టి, "ఉకీల్ అంకుల్, గ్రీన్ బిన్!" అని అరిచింది. అరిచాక భయపడి నా వెనక దాక్కుంది. పైన కుర్చీ జరిగిన చప్పుడు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, ఆయన లుంగీ ఎగ్గట్టి ఆకుపచ్చ డబ్బాని వాకిట్లోకి లాక్కెళ్తున్నారు. ఒంటి మీద కోటు లేదు. పక్కింటాయన వాకిట్లోంచి పలకరిస్తే, డబ్బా నిలబెట్టి, చెయ్యి తుడుచుకుని, ఏదో కేసు ఉన్నట్టు అక్కడే మాటల్లో పడిపోయారు.